కరెంటు ఎవరి వైపు ఆగింది?

చిరంజీవి మరిదికి,

ఆశీస్సులు. ఈ ఉత్తరం గూడ్సు బండి రెండో పెట్టెలో పెట్టి పంపుతున్నాను. పక్కింటి మనిషికి ఉత్తరమేమిటని నవ్వకు. నోటితో చెబితే నువ్వు తల ఊపి ఊరుకుంటావు. కాగితం మీద పెడితే ‘నాతో అనలేదే’ అనడానికి వీలుండదు.

విషయం ఏమిటంటే, రైలు నిన్న మళ్లీ ఆగింది, నువ్వొచ్చి నడిపించి వెళ్లేదాకా.

మన రెండిళ్ల మధ్య గోడకు మీ అన్నదమ్ములిద్దరూ కన్నం పెట్టి, అందులోంచి బొమ్మ రైలుకు దారి వేసిన రోజు నేను ఒక్క మాటా అనలేదు. నీకు మరోలా గుర్తుంటే అది నీ జ్ఞాపకశక్తి లోపం. ఇప్పుడు మీ అన్నయ్య తుంటి విరిగి మంచంలో ఉన్నారు. మంచం పక్కనే, గోడ పొడవునా వేసిన చెక్కబల్ల మీద ఆ రైలు నడుస్తుంది. కంట్రోలరు చేతిలో పట్టుకుని, ఒక బండిని మీ ఇంటికి పంపి ఇంకో బండిని రప్పించుకుంటూ ఉన్నంతసేపు ఆయన అన్నం తింటారు, మందు మింగుతారు, నాతో వాదిస్తారు. రైలు ఆగితే మొహం అటు తిప్పుకుని పడుకుంటారు. కాబట్టి దీన్ని పిల్లల బొమ్మల వ్యవహారం కింద కొట్టిపారెయ్యకు.

ఇక రెండో సంగతి. నువ్వొస్తే ఇద్దరూ పగలబడి నవ్వుతారు, నవ్వితే తుంటి కదులుతుంది. అందుకే రైలు మరమ్మతుకు తప్ప ఆ గదిలోకి రావద్దని నియమం పెట్టాను. ఆ నియమం పెట్టిన దగ్గర్నుంచీ మరమ్మతులు విపరీతంగా పెరిగాయి. ఇది నా దృష్టికి వచ్చింది.

మన బండ్లకు సరిపడే పవర్ సప్లై ఏదో విచారించి రాతపూర్వకంగా తెలియజేయి.

ఇట్లు,
మీ వదిన

తా.క. ఉత్తరం తీసుకున్నాక పెట్టె ఖాళీగా పంపు. కిందటిసారి అందులో వేరుశెనగ తొక్కలు వచ్చాయి.

* * *

పూజ్యులైన వదినగారి పాదాలకు,

నమస్కారాలు. ‘నా దృష్టికి వచ్చింది’ అన్న ముక్క చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మనవలు మీకు ‘ఆడిటరు నాయనమ్మ’ అని పేరెందుకు పెట్టారో ఇప్పుడు అర్థమైంది. నేనే బండి ఆపి, నేనే బాగుచేసే నెపంతో వస్తున్నాననా మీ అనుమానం? ఒట్టు వదినా, నాకంత తెలివి ఉంటే ఈ వయసుకి మీ ఎదురింట్లో ఉండేవాణ్ణి, పక్కింట్లో కాదు.

సంగతి చెబుతాను వినండి. ఇది పాతకాలం బొమ్మ రైలు కాదు. అప్పుడైతే మీట తిప్పినకొద్దీ పట్టాల్లో కరెంటు పెరిగేది, బండి పరిగెత్తేది. ఒక బండి కదిలితే పట్టాల మీదున్నవన్నీ కదిలేవి. ఇప్పుడు పట్టాల్లో ఎప్పుడూ నిండా కరెంటు ఉంటుంది. మనిచ్చే ఆజ్ఞ కూడా ఆ పట్టాల్లోంచే పోతుంది. ప్రతి ఇంజనుకూ ఒక నంబరుంది. మీరు టీచరుగా క్లాసులో హాజరు వేసిన రోజుల్లో అందరూ విన్నా పిలిచినవాడే లేచేవాడు చూడండి, అలాగన్నమాట.

మరి ఇంజన్లు నాలుగయ్యాయి. రెండు కూత కూడా వేస్తాయి. పెట్టెల్లో దీపాలున్నాయి. పాత సప్లై మూడు ఆంపియర్లది, ఆ బరువు మోయలేక చతికిలబడుతోంది. ఒకటే పెద్దది, పది ఆంపియర్లది తెచ్చి మా ఇంట్లో పడేద్దాం. రెండిళ్లకూ అదే ఇస్తుంది. ఈ జన్మకిక దిగుల్లేదు.

అనుమానాల దాకా వచ్చారు కాబట్టి నేనూ ఒకటి అడుగుతాను. మీరు ఆ పట్టాల్ని అంట్లు తోమే స్టీలు పీచుతో తోముతున్నారని మా ఆవిడ చూసి చెప్పింది. నిజమేనా?

ఇట్లు,
మీ విధేయుడు, మరిది

తా.క. తొక్కలు అన్నయ్యకి పంపిన సరుకు. ఖాళీగా తిరిగితే దాన్ని గూడ్సు బండి అని ఎవరంటారు?

* * *

చిరంజీవి మరిదికి,

ఆశీస్సులు. పట్టాలు తోముతున్న మాట నిజం. మురికిగా ఉన్నవాటిని తోమడం తప్పు కాదు.

నువ్వు రాసింది పట్టుకుని స్వయంగా దుకాణానికి వెళ్లాను. దుకాణదారు కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని, దాని కోసమే సొరుగులన్నీ వెతికే మనిషి, అయినా విషయం తెలిసినవాడు. ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు అర ఆంపియరు తీసుకుంటుందట. నాలుగింజన్లు, దీపాలు, కూతలు ఎలా కూడినా మూడు దాటడం లేదు. పైగా బరువుకు ఆగేదైతే నాలుగూ కదిలినప్పుడే ఆగాలి. మనది ఒక్క బండి తిరుగుతున్నప్పుడు కూడా ఆగుతోంది. అంటే ఇది బరువు కాదు, షార్టు. ఏదో ఒక లోహపు ముక్క రెండు పట్టాలనూ కలుపుతోంది.

నీ పది ఆంపియర్ల మాట చెప్పగానే ఆయన చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు. చక్రం పట్టా తప్పి అడ్డంగా పడిందనుకో, ఆ పది ఆంపియర్లూ ఆ చిన్న చక్రంలోంచే పోవాలి. అది కాలి, పక్కనున్న ప్లాస్టిక్ కరుగుతుంది. పెద్దది కొంటే దిగులుండదనుకోవడం చిన్న దారానికి గడపార కట్టడంలాంటిదని మర్యాదగానే అన్నాడు.

ఆయన సలహా ఇది. ఆజ్ఞలిచ్చే పెట్టె ఒకటే చాలు, మీ ఇంట్లో ఉన్నదే. పట్టాల్లోకి కరెంటు తోసే బూస్టర్లు మాత్రం రెండు ఉండాలి, చెరొక ఇంట్లో. ఒక్కోదానికి సొంత సప్లై, అయిదు ఆంపియర్లు. వోల్టులు మాత్రం రెండింటికీ సమానంగా ఉండాలి, లేకపోతే గోడ దాటగానే బండి వేగం మారుతుంది. గోడ మధ్యలో రెండు పట్టాలనూ కోసి ప్లాస్టిక్ ముక్కలతో అతకాలి. సిగ్నల్ దీపాలకూ, దారి మార్చే మోటార్లకూ వేరే చిన్న అడాప్టరు పెట్టాలి, పట్టాల కరెంటులో చెయ్యి పెట్టకూడదు.

నాకు ఇందులో నచ్చింది ఒకటే. దోషం ఎవరి వైపు ఉంటే వారి వైపే ఆగుతుంది. రెండోవారి బండ్లు తిరుగుతూనే ఉంటాయి. ఎవరు నిజం చెబుతున్నారో బూస్టరు మీది దీపమే చెబుతుంది.

ఆ తర్వాత కూడా మీ వైపు నుంచి ఇదే తంతు అయితే గోడ కన్నం పూడ్పించేస్తాను. తాపీమేస్త్రితో మాట్లాడాను. మీ అన్నయ్యకు మా గదిలో గుండ్రంగా తిరిగే దారి చాలు. నీ అభిప్రాయం వెంటనే రాయి.

ఇట్లు,
మీ వదిన

తా.క. స్టీలు పీచు మానేశాను. మీ ఆవిడ చూసిందన్న కారణంతో కాదు, అయిపోయింది.

* * *

మరిదిగారికి,

మీకు ఉత్తరం పంపి రెండు పూటలైంది. జవాబు లేదు. మౌనం అంగీకారమని నేను చదువుకున్నాను. అంటే బండి ఆపుతున్నది మీరేనని మీరే ఒప్పుకున్నారని అనుకోవలసి వస్తుంది. ఈలోగా రైలు ఆగే ఉంది. మీ అన్నయ్య పొద్దున కాఫీ కూడా వద్దన్నారు.

మేస్త్రి రేపు కొలతలు తీసుకుంటాడు. మీకు అభ్యంతరం ఉంటే ఈలోగా తెలియజేయగలరు. దీన్ని మా తోటికోడలి చేత పంపుతున్నాను.

ఇట్లు,
అన్నగారి భార్య

* * *

వదినగారి పాదాలకు,

నమస్కారాలు. మీరు నన్ను ‘మీరు’ అన్నారు! మా ఆవిడ ఆ కాగితం రెండు వేళ్లతో పట్టుకుని తెచ్చి, “ఏం చేశారు?” అంది. ఏమీ చెయ్యలేదే అంటే నమ్మలేదు. ముప్పై ఏళ్ల కాపురం.

జవాబు ఆ సాయంత్రమే రాశాను వదినా. బండిలో పెట్టి పంపాను కూడా. కర్ర పెట్టి పొడిచి చూస్తే తెలిసింది, బండి మీ పుణ్యమాని గోడ మధ్యలో ఆగిపోయి ఉంది, ఉత్తరం దాని కడుపులో ఉంది. ఇప్పుడే బయటికి లాగాను. దానికి సిమెంటు దుమ్ము పట్టింది కాబట్టి తిరగరాస్తున్నాను:

‘మీరు చెప్పినదానికల్లా సరే. రెండు బూస్టర్లు, రెండు సప్లైలు, సమానమైన వోల్టులు, దీపాలకు వేరే అడాప్టరు, అన్నీ సరే. పట్టాలు నేనే కోస్తాను. గోడ కన్నం ఒక్కటీ పూడ్చవద్దు.’

వదినా, ఇది మాత్రం నవ్వులాటకు అనడం లేదు. ఆ కన్నంలోంచి అన్నయ్య పొద్దున్నే ఇంజను పంపి ఒక కూత వేయిస్తాడు. నేను మావైపు నుంచి రెండు వేయిస్తాను. లేచావా అని ఆయన, లేచాను అని నేను. మీ గదిలో గుండ్రంగా తిరిగే బండి ఎవరికి కూత వేస్తుంది? అసలు ఈ సంగతి అన్నయ్యని అడిగారా?

ఇట్లు,
ఇంకా మీ మరిదే

తా.క. నాకు వాడిపోయిన మొహం వేసుకుని గుమ్మంలో నిలబడాలని ఉంది గానీ మరమ్మతు ఉంటేనే రానిస్తారు కదా. మరమ్మతు ఉంది. రావచ్చా?

* * *

చిరంజీవి మరిదికి,

ఆశీస్సులు. కన్నంలో బండి చిక్కుకున్న విషయం కొలతలకు వచ్చిన మేస్త్రి కూడా ధ్రువపరిచాడు. కాబట్టి మౌనం గురించి రాసిన వాక్యాలు వెనక్కి తీసుకుంటున్నాను. మేస్త్రికి కొన్నాళ్లు ఆగమని చెప్పాను. వద్దని చెప్పలేదు.

నిన్న కొత్త సరంజామా అంతా బిగించి వెళ్లావు. మీ అన్నయ్య నీ స్క్రూడ్రైవర్లు అందిస్తానని పట్టుబట్టి, అందించిన ప్రతిదానికీ ఒక కథ చెప్పారు. చాలాసేపు పట్టింది. తుంటి కదిలిందేమోనని నేను గుమ్మంలోనే నిలబడ్డాను. దాని గురించి ఇప్పుడు రాయను.

రాయవలసింది ఇది. నువ్వు వెళ్లాక బండి బాగా నడిచింది. తర్వాత మీ ఇంటికి బయల్దేరి, సరిగ్గా గోడలో ఆగింది. ముందు చక్రాలు మీ ఇంట్లో, వెనక చక్రాలు మా ఇంట్లో. రెండు బూస్టర్ల దీపాలూ ఎర్రబడ్డాయి. వెనక్కి లాగితే కరెంటు వచ్చింది, మళ్లీ పంపితే అక్కడే ఆగింది. ఆగడానికి ఇంకో చోటు దొరకనట్టు.

బూస్టర్లతో వచ్చిన పుస్తకం చదివాను. అందులో పదకొండో పేజీలో ఉంది, నువ్వు మొదటి పేజీ కూడా విప్పినట్టు లేదు, పేజీలు ఇంకా అంటుకునే ఉన్నాయి. రెండు బూస్టర్ల తీగలూ ఒకే వరసలో కలపాలి. మా వైపు కిటికీ దగ్గరి పట్టాకు ఎర్ర తీగ, తలుపు దగ్గరి పట్టాకు నల్ల తీగ ఉన్నాయి. మీ వైపు చూడు, తిరగేసి పెట్టావు. గోడ దాటే ఇంజను చక్రాలు ఆ రెండింటినీ ఒకేసారి తాకగానే షార్టు. మార్చి జవాబు రాయి.

ఇట్లు,
మీ వదిన

తా.క. ఇది కూడా మీ ఆవిడ చేతే పంపుతున్నాను. పాపం ఆవిడ పోస్టుమాన్ పనికి ఒప్పుకుని కాపురానికి రాలేదు. త్వరగా బాగుచెయ్యి.

* * *

పూజ్యులైన వదినగారికి,

సాష్టాంగ నమస్కారాలు! తిరగేసి పెట్టిన మాట నిజమే. మార్చేశాను. ఇప్పుడు గోడ ఉందన్న సంగతే బండికి తెలియడం లేదు. అటు నుంచి ఇటు వెన్నలా వస్తోంది. ఈ ఉత్తరం దానిలోనే పంపుతున్నాను, మా ఆవిడ కూడా మీకు కృతజ్ఞతలు చెప్పమంది.

ఇక అసలు కబురు. కూర్చోండి. కాసిని మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి.

ఈ మధ్యాహ్నం కరెంటు ఆగింది. మా వైపు బండ్లు రాజాల్లా తిరుగుతూనే ఉన్నాయి. మా బూస్టరు మీద దీపం పచ్చగా, నా మనసులా స్వచ్ఛంగా ఉంది. ఆగింది మీ వైపు! మీరు కబురు పెడితే వచ్చి చూశాను కదా, మీ దీపమే ఎర్రగా ఉంది కదా. పట్టాల మీద ఏమీ లేదు. స్విచ్చి ఆపి మళ్లీ వేస్తే బయల్దేరింది. అన్నయ్య అమాయకంగా “ఏమైందిరా?” అన్నాడు. ఏమో అన్నాను. తర్వాత కాసేపు కూర్చున్నాను, అది దోషం ఎక్కడుందో వెతకడానికే.

పెద్దవారు, నేను ఏమీ అనను. ఎవరు నిజం చెబుతున్నారో దీపమే చెబుతుందని ఎవరో రాశారు. ఎవరు రాశారో గుర్తు రావడం లేదు, జ్ఞాపకశక్తి లోపం. ఆ మేస్త్రిని ఇప్పుడు నేను పిలిపించవచ్చా?

ఇట్లు,
మచ్చలేని మరిది

తా.క. క్షమాపణ రాతపూర్వకంగా ఉంటే బాగుంటుంది. గోడకి తగిలించుకుంటాను, కన్నానికి కాస్త పైన.

* * *

చిరంజీవి మరిదికి,

ఆశీస్సులు. దీపం ఎర్రబడిన మాట నేను కాదనను. నీ మీద అనుమానం తీసివేశాను. తీసివేయడమంటే క్షమాపణ అని అర్థం కాదు.

బల్ల మొత్తం మెత్తటి గుడ్డతో తుడిచాను. అయస్కాంతం తెచ్చి పట్టాల పొడవునా నడిపాను. పాత పీచు పోగులు కొన్ని దొరికాయి. వాటిని పారేశాను. కుట్టుపెట్టె ఇంకో గదికి మార్చాను. నా తల పిన్నులు కూడా తీసేసి దారంతో జడ ముడివేసుకున్నాను. మీ అన్నయ్య చూసి పెళ్లిచూపుల్లో ఇలాగే ఉన్నావన్నారు. అది ఇక్కడ అప్రస్తుతం.

ఇంత చేశాక నిన్న రెండుసార్లు ఆగింది.

దుకాణదారును మళ్లీ అడిగాను. బూస్టరుకూ పట్టాలకూ మధ్య పెట్టే ఒక చిన్న కట్-ఆఫ్ పెట్టె ఉందట. షార్టు అయితే క్షణంలో ఆపుతుంది, షార్టు తొలగగానే దానంతటదే మళ్లీ కరెంటు ఇస్తుంది. మనిషి రావలసిన పనే లేదు. మా గదికి ఒకటి తెప్పించమని చెప్పాను. నీ కాళ్ల నొప్పులకు మాటిమాటికీ మా మెట్లెక్కే బాధ కూడా తప్పుతుంది.

ఇట్లు,
మీ వదిన

* * *

వదినగారికి,

నమస్కారాలు. మంచి ఏర్పాటే. వద్దనడానికి కారణం కనబడలేదు, చాలాసేపు వెతికాను.

అయితే నేనిక రానక్కర్లేదన్నమాట. సరే. కూతలు ఉంటాయి కదా.

స్క్రూడ్రైవర్ల సంచి మీ గదిలోనే వదిలేశాను. ఎప్పుడైనా వీలు చూసుకుని బండిలో ఒక్కొక్కటే పంపండి.

మీ మరిది

* * *

చిరంజీవి మరిదికి,

ఆశీస్సులు. స్క్రూడ్రైవర్లు పంపడం లేదు. కారణం కింద రాస్తున్నాను, జాగ్రత్తగా చదివి, చదివాక ఈ కాగితం చించెయ్యి.

ఈ ఉదయం పక్క గదిలో బట్టలు మడతపెడుతూ కూర్చున్నాను. అక్కడి నుంచి బీరువా అద్దంలో మీ అన్నయ్య మంచం కనబడుతుంది, నేను ఆయనకు కనబడను. ఏ కారణంగా ఆగుతోందో చూడాలనే కూర్చున్నాను.

ఆయన బండిని రెండు చుట్లు తిప్పారు. గుమ్మం వైపు చూశారు. తర్వాత మందు చెంచా తీసుకుని, చెయ్యి బాగా చాచి, రెండు పట్టాల మీదా అడ్డంగా పెట్టారు. దీపం ఎర్రబడింది. చెంచా దిండు కింద దాచారు. దాచి, బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చున్నప్పటి మొహం పెట్టుకుని, చాలా నీరసమైన గొంతుతో, “ఏమోయ్, బండి ఆగిందే. మావాడికి కబురు పెట్టు, పాపం ఏమైందో” అన్నారు.

నేను మడతపెడుతున్న చొక్కా మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టాను. నవ్వు రాలేదని రాస్తే అబద్ధం అవుతుంది.

ఒక విషయం నీకు తెలియాలి. వ్యాయామం చేయించే అమ్మాయి రోజూ వచ్చి, “తాతగారూ, చెయ్యి ఒక్కసారి ఇలా చాచండి, నడుము కొంచెం తిప్పండి” అని బతిమాలుతుంది. ఆయన దేవుడిచ్చిన నొప్పులన్నీ ఏకరువు పెట్టి చెయ్యి దుప్పట్లో పెట్టుకుంటారు. ఆ అమ్మాయి అడుగుతున్నది సరిగ్గా చెంచా పెట్టడానికి ఆయన చేసిన పనే. అంతకంటే బాగా చేశారు. ఆమెను అడిగాను, నవ్వు సంగతి కూడా అడిగాను. నవ్వితే ఇప్పుడు తుంటికేమీ కాదని చెప్పింది.

అందువల్ల నా నిర్ణయాలు ఇవి. నేను చూసినట్టు మీ అన్నయ్యకు తెలియకూడదు, నీకు తెలిసినట్టు అసలే తెలియకూడదు. మరమ్మతుకు తప్ప గదిలోకి రావద్దన్న నియమంలో మార్పు లేదు, నేను పెట్టిన నియమం చెంచాకు లొంగదు. దుకాణానికి ఫోను చేసి, దానంతటదే తిరిగి వెలిగే పెట్టె వద్దని చెప్పాను. ఆయన ఆశ్చర్యపడి, “అమ్మా, ఇంకో రకం ఉంది గానీ అది ఎవరూ కొనరు. ఆగితే మనిషి వచ్చి బటన్ నొక్కితేనే వెలుగుతుంది” అన్నాడు. అదే పంపమన్నాను. ఇవ్వాళే వస్తుంది. వచ్చి బీరువా పైన, నాకు అందనంత ఎత్తులో బిగించు. మన రెండిళ్లలో అంత పొడుగు నువ్వొక్కడివే.

బటన్ నొక్కడం క్షణంలో పని అని నాకు తెలుసు. అయినా దోషం వెతక్కుండా వెళ్లిపోయే మనిషిని నేను మరమ్మతుకు పిలవను. కాఫీ చల్లారే దాకా వెతకాలి. రెండో కాఫీ కూడా ఇస్తాను.

మేస్త్రికి వద్దని చెప్పాను.

ఇట్లు,
మీ వదిన

తా.క. మంచాన్ని పట్టాలకు ఇంకో బెత్తెడు దూరం జరిపించాను. రేపటి నుంచి చెంచా పెట్టాలంటే నడుము కూడా తిప్పాలి.